అరుదైన దక్షిణ అమెరికా క్షీరదాలను ఏ జూలో చూడాలి? – పోలిక, ఎంపిక సలహా

జెయింట్ యాంట్‌ఈటర్ (చీమలు, చెదలు తినే పెద్ద జంతువు), జూలు తోడేలు (మెడ మీద జూలుండే మేన్డ్ వుల్ఫ్), బుష్ డాగ్ (ఒక రకం అడవి కుక్క), కొండ టపీర్ (చిన్న తొండమున్న, పందిలాంటి జంతువు), కళ్లద్దాల ఎలుగుబంటి, జెయింట్ నీటికుక్క వంటి జంతువులను కళ్లారా చూడాలనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు, ఇవన్నీ ఒకేచోట దొరకకపోవడం. ఒక జూలో నాలుగు ఉంటే, మిగతా రెండూ వేల కిలోమీటర్ల దూరంలో మరోచోట ఉంటాయి. కొన్ని దక్షిణ అమెరికా దాటి బయటికే రాలేదు. అందుకే చాలామంది పేరు మోసిన జూ ఒకటి ఎంచుకుని, అక్కడికి చేరాక ఏవి ఉన్నాయో చూసుకుంటారు. ఈ వరుసను తిరగేయాలన్నదే నా సలహా. ముందు జంతువును ఎంచుకోవాలి, ఆ జంతువు ఏ వేళలో ఎలా మసలుతుందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే ఊరిని, జూను నిర్ణయించుకోవాలి.

## ఎంపికకు ముందు తేల్చుకోవాల్సిన విషయాలు

అడవిలో అరుదు కావడం వేరు, జూలలో అరుదు కావడం వేరు. కొలంబియా అడవుల్లో అంతరించే అంచున ఉన్న కాటన్‌టాప్ టామరిన్ అనే చిన్న కోతి ప్రపంచంలోని చాలా జూలలో కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, మధ్య అమెరికా నుంచి బ్రెజిల్ దాకా అడవుల్లో విరివిగానే ఉన్న, చెట్ల మీద అతి నెమ్మదిగా కదిలే మూడు వేళ్ల స్లాత్‌ను చూపించే జూలు ఆ ప్రాంతం బయట దాదాపు లేవు. ఎంపిక చేసిన కొన్ని చెట్ల ఆకులు తప్ప మరొకటి తినకపోవడంతో దానిని వేరే చోట బతికించడం కష్టం. జూలలో స్లాత్ అన్న పేరుతో సాధారణంగా కనిపించేది రెండు వేళ్ల స్లాత్. మీరు వెతుకుతున్నది వీటిలో ఏ రకమైన అరుదైన జంతువో ముందే స్పష్టం చేసుకుంటే సగం పని అయినట్టే.

రెండవది, కనిపించే అవకాశం. జూలో జంతువు ఉండటం, మనకు కనిపించడం ఒకటి కాదు. జెయింట్ నీటికుక్కలు, బుష్ డాగ్‌లు పగటిపూటే చురుగ్గా తిరుగుతాయి కాబట్టి ఏ వేళ వెళ్లినా ఆశ పెట్టుకోవచ్చు. జూలు తోడేలు తెల్లవారుజామున, సంధ్యవేళ తిరిగే జంతువు. నడిమధ్యాహ్నం వెళ్తే పొడవైన గడ్డిలో రెండు చెవులు మాత్రమే కనబడవచ్చు. జెయింట్ యాంట్‌ఈటర్ రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతుంది. రాత్రి సంచరించే చిన్న జంతువులను పగలే చూడాలంటే, పగటిని చీకటిగా, రాత్రిని వెలుతురుగా మార్చి నడిపే ప్రత్యేక భవనం ఆ జూలో ఉండాలి.

మూడవది, ఋతువు. ఐరోపా, ఉత్తర అమెరికా జూలలో ఉష్ణమండల జంతువులను చలికాలంలో లోపలి గదుల్లో ఉంచుతారు. ఆ గదులు సందర్శకులకు తెరిచి ఉంటే నష్టం లేదు, పైగా జంతువు దగ్గరగా కనిపిస్తుంది. మూసి ఉంటే ప్రయాణం వృథా అవుతుంది. అమెజాన్ ప్రాంతంలో డిసెంబరు నుంచి మే వరకు భారీ వర్షాలు ఉంటాయి.

నాలుగవది, బోర్డు మీద రాసిన పేరు. ఇది చిన్న విషయంలా కనిపించినా, అరుదైన జాతుల విషయంలో తరచూ గందరగోళానికి దారితీసేది ఇదే. ఒలింగిటో అనే చిన్న చెట్టు జంతువును శాస్త్రవేత్తలు కొత్త జాతిగా ప్రకటించింది 2013లో. అయితే అంతకు నాలుగు దశాబ్దాల ముందే, రింగెర్ల్ అనే ఆడ ఒలింగిటో అమెరికాలోని పలు జూలలో దాని దగ్గరి బంధువైన ఒలింగో అన్న పేరుతో జీవించింది. దానిని మగ ఒలింగోలతో జత కట్టించాలని జూ నుంచి జూకు తిప్పారు. అది వేరే జాతి అని ఎవరికీ తెలియకపోవడంతో ఆ ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. మనం కూడా చూడదలచిన జాతి శాస్త్రీయ నామాన్ని రాసుకుని వెళ్లడం మంచిది. మనాటీ (నీటిలో బతికే పెద్ద శాకాహార క్షీరదం), టపీర్, స్లాత్, నీటికుక్క అన్న మాటల కింద ఒకటి కంటే ఎక్కువ జాతులు ఉన్నాయి.

చివరిది, ఆ జూ ఆ జంతువు కోసం ఏం చేస్తోంది అన్నది. ప్రజననం జరిగే చోట, వంశావళి రికార్డు నిర్వహించే చోట, ఆ జంతువు అడవికి తిరిగి వెళ్లే ప్రయత్నాల్లో పాలుపంచుకునే చోట ఆవరణలు సాధారణంగా విశాలంగా ఉంటాయి, కీపర్లకు విషయం తెలిసి ఉంటుంది, కుటుంబాలు కుటుంబాలుగా కనిపిస్తాయి. ఒంటరిగా ఉన్న ముసలి జంతువును చూడటానికీ, పిల్లలతో ఉన్న గుంపును చూడటానికీ చాలా తేడా ఉంది.

## ఏ జంతువుకు ఏ చోటు

| జంతువు | చురుగ్గా ఉండే వేళ | దక్షిణ అమెరికా బయట చూసే వీలు | ముందుగా పరిశీలించదగిన చోటు |
|---|---|---|---|
| జెయింట్ యాంట్‌ఈటర్ | రోజును బట్టి మారుతుంది. నిద్ర ఎక్కువ | బాగా ఉంది | డోర్ట్‌ముండ్ |
| జెయింట్ నీటికుక్క | పగలు | కొన్ని జూలలో | డోర్ట్‌ముండ్, లైప్‌జిగ్, చెస్టర్ (ఇంగ్లాండ్), సింగపూర్ |
| కళ్లద్దాల ఎలుగుబంటి | పగలు | బాగా ఉంది | జ్యూరిక్, ఫ్రాంక్‌ఫర్ట్. ఆండీస్ దేశాల జూలు |
| జూలు తోడేలు | ఉదయం, సంధ్య | ఉంది | బ్రెజిల్ జూలు |
| కొండ టపీర్ | ఎక్కువగా సంధ్య, రాత్రి | అత్యల్పం | లాస్ ఏంజెలెస్, షయాన్ మౌంటెన్ |
| మూడు వేళ్ల స్లాత్ | పగలు, రాత్రి కొంత | అత్యల్పం | డాలస్ వరల్డ్ అక్వేరియం |
| చాకో పెకరీ | ఉదయం, పగలు | తక్కువ | పరాగ్వేలోని ఫోర్తిన్ తొలేదో |
| అమెజాన్ మనాటీ | పగలు, రాత్రి | దాదాపు లేదు | మనౌస్ |
| బంగారు సింహ టామరిన్ | పగలు | బాగా ఉంది | వాషింగ్టన్ నేషనల్ జూ |
| పైడ్ టామరిన్ | పగలు | కొన్ని జూలలో | జెర్సీ. అడవిలో అయితే మనౌస్ |

జూల మధ్య జంతువుల మార్పిడి ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది కాబట్టి ఈ పట్టికను వెతకడానికి ఆరంభంగా మాత్రమే తీసుకోవాలి.

## మొదటి మార్గం: జర్మనీ, స్విట్జర్లాండ్ జూలు

తక్కువ రోజుల్లో ఎక్కువ జాతులు చూడాలనుకునేవారికి నేను మొదట సూచించేది ఇదే. పెద్ద జూలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, నగరాల మధ్య రైళ్లు విరివిగా తిరుగుతాయి, చాలా జూలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి.

వీటిలో దక్షిణ అమెరికా జంతువులకు ప్రాధాన్యమిచ్చి పెరిగినది డోర్ట్‌ముండ్ జూ. 1953లో ప్రారంభమైన ఈ జూ చిహ్నంలో కనిపించేది కూడా జెయింట్ యాంట్‌ఈటరే. ఆ జంతువు వంశావళి రికార్డును నిర్వహించే బాధ్యత ఈ జూదే. అంటే ఏ జూలోని మగదానిని ఏ జూలోని ఆడదానికి జత చేయాలన్న నిర్ణయాల వెనుక ఇక్కడి అనుభవం ఉంది. చిన్న జాతి యాంట్‌ఈటర్ అయిన టమాండువా, జెయింట్ నీటికుక్క కూడా ఇక్కడి ముఖ్య ఆకర్షణలు.

ఇక్కడ యాంట్‌ఈటర్ దగ్గర కొంత ఎక్కువసేపు గడపాలి. నిద్రపోతున్నప్పుడు అది ఒక పక్కకు ఒరిగి, విసనకర్రలాంటి తోకను శరీరమంతా కప్పుకుంటుంది. చూసేవారికి ఎండుగడ్డి కుప్పలా అనిపించి చాలామంది ముందుకు సాగిపోతారు. దాని శరీర ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉంటుంది, ఇంతటి క్షీరదానికి ఇది చాలా తక్కువ. అందువల్ల ఆ తోక దానికి దుప్పటిగా ఉపయోగపడుతుంది. లేచి నడిచేటప్పుడు ముందరి కాళ్ల పొడవైన గోళ్లు అరగకుండా వాటిని లోపలికి మడిచి, పిడికిళ్ల మీద నడుస్తుంది. దానికి పళ్లు లేవు. దాదాపు 60 సెంటీమీటర్ల నాలుకను సన్నని రంధ్రాల్లోకి దూర్చి ఆహారం తీసుకుంటుంది. పిల్ల ఉంటే తల్లి వీపు మీద అతుక్కుని కనిపిస్తుంది, తల్లి నల్లని పట్టీ, పిల్ల పట్టీ ఒకే గీతగా కలిసిపోవడంతో మొదట రెండు జంతువులున్నట్టే తెలియదు. ఇవన్నీ గమనించాలంటే అరగంట నిలబడాలి. అంత ఓపిక ఉన్నవారికి ఒక్క డోర్ట్‌ముండ్ చాలు.

లైప్‌జిగ్ జూలో 2011లో తెరిచిన గొండ్వానాలాండ్ 16,500 చదరపు మీటర్ల విస్తీర్ణంలో కట్టిన ఉష్ణమండల మంటపం. బయట మంచు పడుతున్నా లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి చలికాలపు ప్రయాణానికి ఇంతకంటే అనువైన చోటు ఈ మార్గంలో లేదు. జెయింట్ నీటికుక్కలను ఇక్కడ చూడవచ్చు. అయితే ఇది మూడు ఖండాల ఉష్ణమండల జీవులను కలిపి చూపే చోటు. దక్షిణ అమెరికా అందులో ఒక భాగం మాత్రమే.

కళ్లద్దాల ఎలుగుబంటి కోసం జ్యూరిక్, ఫ్రాంక్‌ఫర్ట్ జూలను పోల్చి చూడాలి. దక్షిణ అమెరికాలో ఉన్న ఏకైక ఎలుగుబంటి జాతి ఇదే. ముఖం మీది లేతరంగు చారలు ఒక్కో ఎలుగుకూ ఒక్కోలా ఉండటంతో వాటిని బట్టి ఏది ఏదో గుర్తుపట్టవచ్చు. జ్యూరిక్ జూ 1995లో ఈక్వడార్‌లోని సాంగాయ్ పేరుతో కొండవాలు మేఘారణ్యాన్ని తలపించే ఆవరణను నిర్మించి, వీటితో పాటు కోటీలు అనే పొడవు ముక్కు జంతువులను కూడా అందులోనే పెంచింది. చెట్లెక్కే ఈ ఎలుగు స్వభావానికి నిలువుగా ఎత్తున్న చోటు అవసరమన్న సంగతి ఆ నిర్మాణంలో కనిపిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2013లో తెరిచిన ఉకుమారి లాండ్ కూడా అదే ఆలోచనతో కట్టినది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు మరో సౌలభ్యం ఉంది: రాత్రి జంతువుల కోసం 1978లో కట్టిన గ్జిమెక్ భవనం అదే ఆవరణలో ఉంది. ఎలుగు ఒక్కటే కావాలంటే జ్యూరిక్, ఒక్క రోజులో రకరకాల జంతువులు కావాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ అని నా అభిప్రాయం.

ఈ మార్గంలో దొరకనివి కూడా చెప్పాలి. డ్యూస్‌బుర్గ్ జూ 1970ల నుంచి దశాబ్దాల పాటు అమెజాన్ నది డాల్ఫిన్లను పెంచింది. ఇప్పుడు ఐరోపాలో ఏ జూలోనూ అవి లేవు. పాత గైడు పుస్తకాల్లో ఆ పేరు చూసి బయలుదేరవద్దు. కొండ టపీర్, మూడు వేళ్ల స్లాత్ కూడా ఈ మార్గంలో ఆశించవలసినవి కావు.

## రెండవ మార్గం: అమెరికా జూలు

దూరాలు ఎక్కువ, ఒక్కో జూ ఒక్కో మూల. కాబట్టి ఎక్కువ జాతులు చూడాలన్న కోరికకు ఇది సరిపడదు. ప్రపంచంలో మరెక్కడా సులభంగా కనిపించని ఒకటి రెండు జంతువుల కోసమే ఈ మార్గం ఎంచుకోవాలి.

వాటిలో మొదటిది కొండ టపీర్. ఆండీస్ పర్వతాల ఎత్తుల్లో, చలికి తట్టుకునే దట్టమైన ఊలుతో, తెల్లటి పెదవుల అంచుతో ఉండే ఈ టపీర్ అడవిలో ఎదిగినవి 2,500 కంటే తక్కువగా మిగిలాయని అంచనా. జూలలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్ జూ, కొలరాడోలోని షయాన్ మౌంటెన్ జూ ఈ జాతికి చాలాకాలంగా నిలయాలు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా కొండవాలు మీద ఉన్న షయాన్ మౌంటెన్‌లో చల్లని వాతావరణం ఈ జంతువుకు బాగా నప్పుతుందనిపిస్తుంది. ఎండకాలంలో లాస్ ఏంజెలెస్ కంటే దానినే ఎంచుకుంటాను.

రెండవది డాలస్ వరల్డ్ అక్వేరియం. పేరు అక్వేరియం అయినా ఇది నగరం నడిబొడ్డున పాత గిడ్డంగుల్లో కట్టిన వర్షారణ్యం. 1992లో తెరిచిన ఈ సంస్థ 1997లో ఒరినోకో విభాగాన్ని జోడించింది. మూడు వేళ్ల స్లాత్‌ను పెంచగలిగిన అతి కొద్ది చోట్లలో ఇది ఒకటి, జెయింట్ నీటికుక్కలు కూడా ఉన్నాయి. సందర్శకుడు పైనుంచి చుట్లు చుట్లుగా కిందికి దిగుతూ చూసే ఏర్పాటు కావడం వల్ల చెట్ల కొమ్మల స్థాయిలో స్లాత్‌లను గమనించే వీలుంటుంది. ఆవరణలు ఇరుకుగా ఉన్నాయని బాధపడేవారూ ఉంటారు. విశాలమైన మైదానాల్లో జంతువును చూడాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు.

మూడవది వాషింగ్టన్‌లోని నేషనల్ జూ. 1970ల ఆరంభంలో బ్రెజిల్ తీరారణ్యంలో సుమారు రెండు వందలకు పడిపోయిన బంగారు సింహ టామరిన్‌ను కాపాడిన అంతర్జాతీయ ప్రయత్నానికి ఈ జూ, అక్కడి శాస్త్రవేత్త డెవ్రా క్లైమన్ కేంద్రంగా నిలిచారు. 1984 నుంచి జూలలో పుట్టిన టామరిన్‌లను బ్రెజిల్ అడవుల్లో వదలడం మొదలైంది. 2003లో ఈ జాతిని అత్యంత ప్రమాదకర స్థితి నుంచి ఒక మెట్టు తగ్గించారు. 2016 తర్వాత వచ్చిన పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) సంఖ్యను మళ్లీ కుంగదీసినా, 2023 లెక్కల్లో అడవిలో సుమారు 4,800 ఉన్నట్టు తేలింది. ప్రపంచంలోని వివిధ జూలలో ఉన్న ఈ టామరిన్‌లు బ్రెజిల్ ప్రభుత్వ ఆస్తి, జూలు వాటిని అప్పుగా మాత్రమే ఉంచుకుంటాయి. ఈ నేపథ్యం తెలిసి చూస్తే ఆ చిన్న కోతి మరోలా కనిపిస్తుంది.

అమెరికాలో నది డాల్ఫిన్ కూడా ఇప్పుడు లేదు. పిట్స్‌బర్గ్ జూలో ఉన్న చివరిది 2002లో మరణించింది.

## మూడవ మార్గం: సింగపూర్ రివర్ వండర్స్

2013లో రివర్ సఫారీ పేరుతో తెరుచుకున్న ఈ చోటు నదుల జీవులకే కేటాయించినది. జెయింట్ నీటికుక్కలు, జాగ్వార్, బ్రెజిల్ టపీర్, స్క్విరల్ కోతులు ఇక్కడ చూడవచ్చు. ఋతువుతో పని లేదు, అర రోజు చాలు, వృద్ధులకూ చిన్న పిల్లలకూ నడక తక్కువ.

రెండు విషయాలు గమనించాలి. ముంపు అడవి పేరుతో ఉన్న పెద్ద తొట్టిలో ఈదే మనాటీలు అమెజాన్ జాతివి కావు, కరీబియన్ ప్రాంతపు వెస్టిండియన్ మనాటీలు. అమెజాన్ మనాటీ రెక్కలకు గోళ్లు ఉండవు, పొట్ట మీద తెల్లని మచ్చ ఉంటుంది. ఇక్కడి వాటికి గోళ్లు కనిపిస్తాయి. అలాగే పడవ ప్రయాణంలో కొన్ని జంతువులను చూపిస్తారు. పడవ ఆగదు కాబట్టి జంతువు అటు తిరిగి ఉంటే మళ్లీ చూసే అవకాశం రాదు. ఓపికగా గమనించే అలవాటున్నవారు నీటికుక్కల అద్దం దగ్గరే ఎక్కువ సమయం కేటాయించాలి.

## నాలుగవ మార్గం: దక్షిణ అమెరికాలోనే

నిజంగా అరుదైనవి కావాలంటే దారి ఇటే. అక్కడి జూలలో ఎక్కువ భాగం జంతువులు అక్రమ రవాణాదారుల నుంచి స్వాధీనం చేసుకున్నవో, రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవో, తల్లిని కోల్పోయినవో అయి ఉంటాయి. ఆవరణలు ఐరోపా జూలంత తీర్చిదిద్దినట్టు ఉండకపోవచ్చు. బోర్డులు స్పానిష్‌లోనో పోర్చుగీస్‌లోనో మాత్రమే ఉంటాయి. అయితే జంతువు బతికే గాలి, వెలుతురు, చెట్లు అక్కడివే. పక్క అడవిలో అదే జాతి స్వేచ్ఛగా తిరుగుతూ ఉండవచ్చు.

ఒక్క నగరమే ఎంచుకోమంటే నేను బ్రెజిల్‌లోని మనౌస్‌ను ఎంచుకుంటాను. అమెజాన్ పరిశోధనా సంస్థ ఇన్పా 1995లో ప్రజలకు తెరిచిన బోస్క్ డా సియెన్సియా అనే అడవి తోటలో, వేటగాళ్ల చేతికి చిక్కి అనాథలైన అమెజాన్ మనాటీలను పెంచుతున్న తొట్లున్నాయి. అద్దాల గోడ పక్కన నిలబడితే, ముక్కు రంధ్రాలు మాత్రమే పైకి తెరిచి ఊపిరి పీల్చుకుని మళ్లీ మునిగే మనాటీని చేతి దూరంలో చూడవచ్చు. అదే నగరంలో సైన్యపు అడవి యుద్ధ శిక్షణ కేంద్రం నడిపే జూలో జాగ్వార్లు, అమెజాన్ కోతులు ఉన్నాయి. అత్యంత ప్రమాదంలో ఉన్న పైడ్ టామరిన్‌కు ప్రపంచంలో ఉన్న నివాసమే మనౌస్ పరిసరాలు. నగరం మధ్యలో మిగిలిన అడవి ముక్కల్లో తెల్లని ముందుభాగం, నల్లని బోడి ముఖంతో అది గంతులేస్తూ కనిపించవచ్చు. గులాబీ రంగులో ఉండే అమెజాన్ నది డాల్ఫిన్ కోసం జూ అవసరమే లేదు, చుట్టుపక్కల నదుల్లోనే ఉంది.

బెలెంలోని గోయెల్డి మ్యూజియం తోట మరో మంచి ఎంపిక. 1866లో మొదలైన మ్యూజియానికి 1895లో జంతు, వృక్ష ఉద్యానం జతకూడింది. అగూటీలు అనే ఎలుక జాతి జంతువులు దారుల మీద స్వేచ్ఛగా పరుగెడతాయి, చెట్ల మీద స్లాత్‌లు ఉంటాయి. ఆవరణ అన్నదే లేకుండా చూడటం ఇక్కడి ప్రత్యేకత.

ఇగువాసు జలపాతాల దగ్గర ఫోస్ దో ఇగువాసుకు వెళ్లేవారు ఇటాయిపు ఆనకట్ట యాజమాన్యం 1984లో ఏర్పాటు చేసిన బేలా విస్తా జీవ ఆశ్రయానికి అర రోజు కేటాయించవచ్చు. 1982లో జలాశయం నిండుతున్నప్పుడు మునిగిపోతున్న అడవి నుంచి జంతువులను రక్షించిన చర్యకు గ్వారానీ భాషలో మింబా కుయేరా అని పేరు పెట్టారు. ఆ తర్వాతి అవసరాల్లోంచే ఈ ఆశ్రయం వచ్చింది. గైడుతో కలిసి మాత్రమే నడవాలి, కాబట్టి ఒకేచోట ఎక్కువసేపు ఆగడం కుదరదు.

జూలు తోడేలు కోసం బ్రెజిల్ మధ్యభాగమే సరైన చోటు. ఒక మీటరుకు కాస్త తక్కువ ఎత్తుతో, నల్లని మేజోళ్లు తొడిగినట్టున్న పొడవైన కాళ్లతో నడిచే ఈ జంతువు నిజానికి తోడేలూ కాదు, నక్కా కాదు. సెరాదో గడ్డిభూముల్లో దొరికే లోబేరా పండ్లు దాని ఆహారంలో పెద్ద భాగం. జూలలో మాంసం ఎక్కువైతే దీనికి మూత్రాశయంలో రాళ్లు ఏర్పడతాయని చాలా ఆలస్యంగా తెలిసింది. 2020లో విడుదలైన 200 రియాల నోటు మీద బొమ్మ దీనిదే. బ్రసీలియా జూ సెరాదో నడుమ ఉంది కాబట్టి అక్కడ ముందుగా చూడాలి. సొరోకాబాలో 1968 నుంచి ఉన్న కిన్జిన్యో డి బారోస్ జూ కూడా స్థానిక జంతువులకు పేరు పొందింది.

ఆండీస్ వైపు వెళ్లేవారికి లిమాలోని పార్కే దె లాస్ లెయెందాస్ మంచి ప్రారంభం. 1964లో తెరిచిన ఈ జూను పెరూ దేశపు మూడు ప్రాంతాల ప్రకారం తీరం, కొండలు, అడవి అని విభజించారు. ఇంకా చెప్పుకోవలసింది, పురాతన మట్టి కట్టడాలు జూ మధ్యలోనే ఉన్నాయి. కొలంబియాలో కాలి జూ, ఈక్వడార్‌లో క్విటో దగ్గర గ్వాయ్లాబాంబా జూ స్వదేశీ జంతువులకు, ముఖ్యంగా కళ్లద్దాల ఎలుగుబంటికి వెళ్లదగినవి.

ఇక పరాగ్వేలోని చాకో అనే పొడి ముళ్లపొదల ప్రాంతం. చాకో పెకరీని శాస్త్రం మొదట శిలాజాల ద్వారా 1930లో గుర్తించి, అంతరించిన జంతువుగా లెక్కగట్టింది. స్థానికులకు మాత్రం అది తగువా పేరుతో ఎప్పటి నుంచో తెలుసు. అది బతికే ఉందని 1975లో ప్రపంచానికి తెలిసింది. అక్కడి ఫిలదెల్ఫియా పట్టణానికి దగ్గరలోని ఫోర్తిన్ తొలేదోలో 1980ల మధ్య నుంచి దాని ప్రజనన కేంద్రం నడుస్తోంది. దారి పొడవు, ఎండ తీవ్రం, జూ సౌకర్యాలు ఏవీ ఉండవు. అయినా పందిలాంటి ఆ జంతువు గుంపుగా ముళ్లపొదల మధ్య కదలడం చూడాలన్న ఆసక్తి ఉన్నవారికి దానికి ప్రత్యామ్నాయం లేదు.

అర్జెంటీనా విషయంలో ఒక మార్పు గుర్తుంచుకోవాలి. బ్యూనస్ ఏర్స్ పాత జూ 2016లో మూతపడి ఎకో పార్క్‌గా మారింది. జంతువుల కోసం వెళ్లేవారు నగరానికి బయట ఎస్కొబార్‌లో 2002 నుంచి ఉన్న తెమాయికెన్‌ను చూడాలి. ఇంకా సమయం ఉంటే ఇబెరా చిత్తడి నేలలు ఉన్నాయి: 2007 నుంచి జెయింట్ యాంట్‌ఈటర్లను, 2021 నుంచి జాగ్వార్లను అక్కడ మళ్లీ వదిలారు, 1980ల తర్వాత అర్జెంటీనాలో కనబడకుండా పోయిన జెయింట్ నీటికుక్కను తిరిగి తేవడానికి ఐరోపా జూలలో పుట్టినవాటినే ఉపయోగించారు. మొదటి మార్గంలో చూసిన జంతువు బంధువులు నాలుగవ మార్గంలో స్వేచ్ఛగా ఈదుతున్నాయన్నమాట.

## కోతుల కోసం మాత్రమే వెళ్లేవారికి

ఇంగ్లిష్ ఛానల్‌లోని జెర్సీ ద్వీపంలో 1959లో రచయిత, ప్రకృతివేత్త జెరాల్డ్ డరెల్ స్థాపించిన జూ పైడ్ టామరిన్ మీద చాలా కృషి చేసింది. చిన్న అలజడికే ఒత్తిడికి లోనై నీరసించిపోయే కోతి కావడంతో దాని ఆవరణలను ఎలా మార్చాలన్నది అక్కడ పరిశోధించారు. వూలీ కోతుల కోసం నెదర్లాండ్స్‌లోని అపెన్‌హ్యూల్, ఇంగ్లాండ్‌లోని మంకీ వరల్డ్ ఉన్నాయి. జూలలో వీటికి రక్తపోటు తరచూ వస్తుంది, అందుకే వీటిని పెంచే చోట్లు కొద్దిగానే మిగిలాయి.

## ఎవరికి ఏది

చిన్న పిల్లలతో వెళ్లేవారు జెయింట్ నీటికుక్కలను కేంద్రంగా పెట్టుకోవాలి. పగలంతా కదులుతూ, కుటుంబమంతా కలిసి ఈదుతూ, రకరకాల అరుపులతో మాట్లాడుకునే జంతువు ఇది, దాదాపు 1.8 మీటర్ల పొడవు పెరుగుతుంది. గొంతు మీది లేతపసుపు మచ్చ ఒక్కో నీటికుక్కకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, తల పైకెత్తినప్పుడు ఆ మచ్చల ఆకారం గీసుకోమంటే పిల్లలు గంటసేపు కదలరు. వీరికి సింగపూర్ లేదా లైప్‌జిగ్ తగినవి.

ఫోటోలు తీసేవారు అద్దాల వెనుక ఆవరణల కంటే కందకాలతో వేరు చేసిన ఆవరణలున్న జూలను వెతకాలి, తెరిచే వేళకే చేరుకోవాలి. చీకటి భవనాలు వీరికి ఉపయోగపడవు.

జాతుల జాబితా పెంచుకునేవారికి జర్మనీ మార్గమే మెరుగు. ఐరోపా జూలలో ఏ జాతి ఎక్కడ ఉందో ఔత్సాహికులు నమోదు చేసే జూటీర్‌లిస్టే అనే డేటాబేస్ వీరికి చాలా ఉపయోగపడుతుంది. అయితే ఒక మాట: జాబితాలో పేరు కోసం రోజుకు రెండు జూలు తిరిగితే బుష్ డాగ్ లాంటి జంతువు చేసే పనులు కంటపడవు. ఆడ బుష్ డాగ్ ముందరి కాళ్ల మీద నిలబడి, వెనక కాళ్లు చెట్టు బోదెకు ఆనించి, తన వాసన గుర్తును వీలైనంత ఎత్తున వదులుతుంది. గుంపు సన్నగా కూతపెట్టుకుంటూ ఒకదాని వెనుక ఒకటి నడుస్తుంది. అది చూడటానికి ఒకే ఆవరణ దగ్గర పొద్దంతా ఉండాల్సి రావచ్చు, ఉండటమే మంచిది.

తాము చెల్లించే టికెట్ సొమ్ము జంతువుకు చేరాలని కోరుకునేవారు వాషింగ్టన్, జెర్సీ, మనౌస్, ఫోర్తిన్ తొలేదో వైపు మొగ్గాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, ఒక్క రోజే ఉన్నవారికి ఫ్రాంక్‌ఫర్ట్ మేలు. రైల్వే స్టేషన్‌కు దగ్గరగా, చదునుగా ఉన్న చిన్న జూ అది.

ఏ మార్గంలోనూ దొరకనివి కూడా ఉన్నాయి. జెయింట్ ఆర్మడిల్లో దక్షిణ అమెరికా బయట జూలలో చూపడానికి లేదు. గులాబీ ఫెయిరీ ఆర్మడిల్లో పట్టుకుంటే రోజుల్లోనే చనిపోతుంది, దానిని ఎవరైనా చూపిస్తామంటే వెళ్లకపోవడమే సరైన పని. ఆండీస్ పిల్లిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి.

## బయలుదేరే ముందు

జూకు నేరుగా ఈమెయిల్ రాసి మూడు ప్రశ్నలు అడగాలి: ఫలానా జాతి ఇప్పుడు ప్రదర్శనలో ఉందా, ఏ వేళలో ఆహారం పెడతారు, ఆ తేదీల్లో ఆవరణకు మరమ్మతులు ఏమైనా ఉన్నాయా. వెబ్‌సైట్‌లో బొమ్మ ఉందంటే జంతువు ఉన్నట్టు కాదు. ఒకే ఒక్క జంతువును నమ్ముకుని దూరప్రయాణం పెట్టుకోవద్దు. అదే నగరంలోనో పక్క నగరంలోనో రెండో కారణం ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. మేత వేళకు అరగంట ముందే ఆవరణ చేరుకుంటే, కీపర్ అడుగుల చప్పుడు విని జంతువు ఎదురుచూడటం నుంచి మొత్తం కనిపిస్తుంది.

జెయింట్ నీటికుక్కలకు పిల్లలు పుట్టిన వారాల్లో చాలా జూలు ఆ ఆవరణను మూసేస్తాయి, ఎందుకంటే అలజడి కలిగితే తల్లిదండ్రులు పిల్లలను సరిగా పెంచవు. అలాంటి నోటీసు తలుపు మీద కనిపిస్తే కిటికీల నుంచి తొంగిచూసే ప్రయత్నం చేయకుండా కీపర్‌ను అడిగి, పిల్లలు బయటికి వచ్చే నెల ఏదో తెలుసుకుని, వీలైతే ఆ నెలకు ప్రయాణం మార్చుకోవాలి.